పృష్ఠవంశం – వంశం: కపాల పీఠపు అరుదైన ఎముక కణితుల జన్యుశాస్త్రం

వ్యాస సంగ్రహం:

పుర్రె అడుగుభాగాన్ని కపాల పీఠం అంటారు. అక్కడ ఏర్పడే ఎముక కణితులు చాలా అరుదైనవి. వీటిలో ముఖ్యమైన కార్డోమా, కాండ్రోసార్కోమాల జన్యు మూలాలు ఇటీవలి దశాబ్దాలలో చాలావరకు వెలుగులోకి వచ్చాయి. ఈ విషయాన్ని తెలుగులో చెప్పేటప్పుడు ‘జన్యుపరమైన’, ‘వంశపారంపర్యమైన’ అనే మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడటం కనిపిస్తుంది. ఆ కలగాపులగం వల్ల రోగి కుటుంబంపై, ముఖ్యంగా పెళ్ళి కావలసిన తోబుట్టువులపై ఆధారం లేని అనుమానం పడుతుంది. ఈ కణితులతో ముడిపడిన జన్యు మార్పులను నాలుగు రకాలుగా విభజించి, ఏ మార్పు తరం నుంచి తరానికి సంక్రమిస్తుందో, ఏది రోగి శరీరంతోనే ముగుస్తుందో వివరించడం ఈ వ్యాస లక్ష్యం. మేనరికానికీ ఈ కణితులకూ ఉన్న సంబంధం, మెదక్ జిల్లా వంటి ప్రాంతాల నుంచి వచ్చే రోగులకు పరీక్షల క్రమం, తెలుగు వైద్య పదజాలంలో అవసరమైన భేదాలు కూడా ఇందులో చర్చకు వస్తాయి.

కీలక పదాలు: కపాల పీఠం, కార్డోమా, కాండ్రోసార్కోమా, పృష్ఠవంశం, బ్రాకియురీ, వంశానుగత మార్పు, దేహకణ మార్పు, మేనరికం, వైద్య పదజాలం.

1. ఉపోద్ఘాతం:

సంస్కృతంలో ‘వంశ’ శబ్దానికి వెదురు, వెన్నెముక, సంతతి అనే అర్థాలున్నాయి. కణుపు మీద కణుపుగా పెరిగే వెదురుతో వెన్నుపూసల వరుసకూ, తరాల వరుసకూ పోలిక కుదరడం వల్ల ఒకే మాట ఇన్ని అర్థాలకు చెల్లింది. తెలుగులో సంతతి అనే అర్థమే ప్రధానంగా మిగిలింది. వెన్నుకు సంబంధించిన అర్థం మాత్రం జంతుశాస్త్ర పాఠ్యగ్రంథాలలో ‘పృష్ఠవంశం’ అనే పారిభాషిక పదంలో నిలిచి ఉంది. పిండదశలో వీపు పొడవునా ఏర్పడి వెన్నెముక నిర్మాణానికి దారి చూపే నోటోకార్డ్ అనే కడ్డీకి అది తెలుగు పేరు.

కపాల పీఠంలో పుట్టే అరుదైన కణితులలో ఒకటైన కార్డోమా ఈ పృష్ఠవంశపు అవశేషాల నుంచి జనిస్తుంది. పృష్ఠవంశం నుంచి పుట్టిన ఈ వ్యాధి వంశం నుంచి కూడా వచ్చినదేనా అన్న ప్రశ్న శాస్త్రపరంగా ఆసక్తికరమైనది. సామాజికంగా చాలా బరువైనది కూడా. ‘కణితిలో జన్యు మార్పు ఉంది’ అని వైద్యుడు చెప్పిన వాక్యం ఇల్లు చేరేసరికి ‘ఈ జబ్బు మీ రక్తంలోనే ఉంది’ అనే వాక్యంగా మారిపోవచ్చు. అది తల్లి వైపు నుంచి వచ్చిందా, తండ్రి వైపు నుంచి వచ్చిందా అన్న వెతుకులాట అప్పుడు మొదలవుతుంది. రోగి చెల్లెలికి సంబంధం చూసేవారు ఆ మాట ఎత్తుతారు. జన్యువులో మార్పు జరగడం ఒక సంగతి, ఆ మార్పు తల్లిదండ్రుల నుంచి బిడ్డకు రావడం మరొక సంగతి. కపాల పీఠ కణితులలో ఈ రెండూ చాలా స్పష్టంగా వేరుపడి కనిపిస్తాయి. అందువల్ల ఈ భేదాన్ని బోధించడానికి ఇవి మంచి ఉదాహరణలు.

2. కపాల పీఠం – అక్కడి కణితులు:

2.1 స్థానం:

మెదడు కూర్చునే అరుగు వంటిది కపాల పీఠం. దాని నడుమ, ముక్కు వెనుక లోతులో, వాలుగా దిగే ఒక ఎముక భాగాన్ని క్లైవస్ అంటారు. లాటిన్‌లో ఆ మాటకు వాలు అని అర్థం. ఈ వాలుకు వెనుకనే మెదడు కాండం ఉంటుంది. పక్కల నుంచి మెదడుకు రక్తం తీసుకుపోయే ధమనులు వెళతాయి. కంటిని బయటి వైపుకు తిప్పే ఆరవ కపాల నాడి ఈ ఎముకను ఆనుకునే సాగుతుంది. అందుకే ఇక్కడ కణితి పెరిగినప్పుడు తలనొప్పితో పాటు ఒకే వస్తువు రెండుగా కనిపించడం తరచుగా తొలి లక్షణమవుతుంది.

2.2 రెండు కణితులు:

కార్డోమా ఏటా సుమారు పది లక్షల మందిలో ఒకరికి వస్తుంది. ఎముకలోనే మొదలయ్యే ప్రాణాంతక కణితులలో దీని వాటా 1 నుంచి 4 శాతం. కపాల పీఠం, వెన్నుపూసలు, వెన్ను చివరి త్రికాస్థి దీనికి ప్రధాన స్థానాలు. ఈ మూడూ పిండదశలో పృష్ఠవంశం సాగిన దారిలోనివే. కార్డోమా నెమ్మదిగా పెరుగుతుంది, కానీ చుట్టూ ఉన్న ఎముకను తినివేస్తుంది. తొలగించిన తరువాత మళ్ళీ అదే చోట తలెత్తే స్వభావం దీనికి ఉంది.

కాండ్రోసార్కోమా మృదులాస్థి సంబంధమైన కణితి. కార్డోమా సాధారణంగా క్లైవస్ మధ్యరేఖలో పుడుతుంది. కాండ్రోసార్కోమా ఎక్కువగా మధ్యరేఖకు పక్కన, ఎముకలు మృదులాస్థితో అతుక్కునే సంధి వద్ద పుడుతుంది. స్కానింగ్‌లో ఈ రెండూ ఒకదానినొకటి పోలి ఉండవచ్చు. సూక్ష్మదర్శిని కింద కూడా పొరబడే అవకాశం ఉంది. కానీ కపాల పీఠపు కాండ్రోసార్కోమా రోగుల భవిష్యత్తు సాధారణంగా కార్డోమా రోగుల కంటే మెరుగ్గా ఉంటుంది. కాబట్టి రెండింటినీ వేరు చేయడం చికిత్సకూ, రోగికి చెప్పవలసిన మాటకూ అవసరం. ఆ పనికి జన్యుశాస్త్రమే నమ్మకమైన సాధనాన్ని ఇచ్చింది.

3. పృష్ఠవంశం నుంచి కణితి వరకు – పరిశోధన క్రమం:

3.1 పేరు వెనుక చరిత్ర:

1850 దశకంలో జర్మన్ శాస్త్రవేత్తలు లుష్కా, విర్కోలు క్లైవస్ మీద మెత్తని చిన్న బుడిపెలను గుర్తించారు. వాటి కణాల నిండా బుడగల వంటి ఖాళీలున్నాయి. విర్కో 1857లో వాటిని మృదులాస్థి నుంచి పుట్టినవిగా భావించి, ఆ అర్థం వచ్చే పేరే పెట్టాడు. మరుసటి సంవత్సరం హైన్రిష్ ముల్లర్ అవి పృష్ఠవంశపు అవశేషాలని ప్రతిపాదించాడు. ఆ అభిప్రాయం బలపడడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది. 1894లో రిబ్బెర్ట్ ఈ కణితికి ‘కార్డోమా’ అనే పేరు పెట్టాడు. ఆ పేరులోనే పృష్ఠవంశ మూలం ఉంది.

పృష్ఠవంశం గర్భం మూడవ, నాలుగవ వారాలలో రూపుదిద్దుకుంటుంది. పైనున్న కణజాలానికి వెన్నుపాముగా మారమని రసాయన సంకేతాలు పంపుతుంది. వెన్నుపూసలు ఏర్పడుతున్న కొద్దీ తాను కుంచించుకుపోతుంది. వెన్నుపూసల నడుమ ఉండే మెత్తని గుజ్జులోనూ, క్లైవస్ వంటి చోట్లలోనూ దాని కణాలు కొన్ని మిగిలిపోతాయి. వేరే కారణాలతో మరణించిన వారి దేహాలను పరీక్షించినప్పుడు సుమారు నూటికి ఇద్దరిలో క్లైవస్ వద్ద ఇటువంటి హానిలేని అవశేషాలు కనిపించాయి. కార్డోమా వచ్చేది పది లక్షలకు ఒకరికి. అవశేషం మిగలడం ఒక్కటే వ్యాధికి చాలదనీ, ఆ కణాలలో ఇంకేదో జరగాలనీ ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న దూరమే తెలుపుతుంది.

3.2 పొట్టి తోక ఎలుక:

ఆ ‘ఇంకేదో’ ఏమిటన్నదానికి ఆధారం కణితులతో ఏ సంబంధమూ లేని చోట దొరికింది. రష్యా నుంచి పారిస్‌కు వలస వచ్చిన నదీన్ డొబ్రొవోల్స్కయా-జవద్స్కయా 1927లో పొట్టి తోకతో పుట్టే ఎలుకలను వర్ణించింది. దానికి కారణమైన జన్యువుకు గ్రీకు భాషలో ‘పొట్టి తోక’ అనే అర్థం వచ్చే బ్రాకియురీ అనే పేరు స్థిరపడింది. ఈ మార్పు రెండు ప్రతులలోనూ ఉన్న ఎలుక పిండాలలో పృష్ఠవంశం సరిగా ఏర్పడక అవి గర్భంలోనే మరణిస్తాయి. 1990లో హెర్మన్ బృందం ఈ జన్యువును వేరుచేసి గుర్తించింది. మనుషులలో ఇది 6వ క్రోమోజోమ్ పొడవాటి భుజం చివర ఉంది. నేడు దీని అధికారిక నామం టిబిఎక్స్‌టి. ఇది తయారుచేసే ప్రోటీన్ ఇతర జన్యువులను పనిచేయించే మీట వంటిది. పిండదశలో పృష్ఠవంశ కణాలలో ఆ మీట తెరిచి ఉంటుంది. పెద్దవారి శరీర కణజాలాలలో దాదాపు అంతటా మూసి ఉంటుంది.

2006లో బ్రిటన్ పరిశోధకులు కార్డోమా కణాలలో బ్రాకియురీ ప్రోటీన్ నిలకడగా కనిపిస్తుందని చూపారు. కాండ్రోసార్కోమా కణాలలో అది కనిపించదు. ముల్లర్ 1858లో చేసిన ఊహకు అణుస్థాయి రుజువు ఇలా దొరికింది. రోగనిర్ధారణకు ఒక నమ్మకమైన గుర్తు కూడా దొరికింది. ఈ జన్యువు కథ అక్కడితో ఆగలేదు. మానవులతో సహా తోకలేని వానర జాతులకు తోక పోవడానికి టిబిఎక్స్‌టిలో సుమారు రెండున్నర కోట్ల సంవత్సరాల కిందట చేరిన ఒక చిన్న డిఎన్‌ఎ ముక్క కారణమై ఉండవచ్చని 2024లో వెలువడిన ఒక పరిశోధన సూచించింది. శరీరానికి వెన్ను రూపం ఇచ్చిన జన్యువే మూసి ఉండవలసిన కాలంలో తెరిచి ఉంటే కణితికి ఆధారమవుతుంది.

4. జన్యు మార్పులు – నాలుగు రకాలు:

4.1 వంశానుగత మార్పు:

అండంలోనో శుక్రకణంలోనో ఉండి, బిడ్డ శరీరంలోని ప్రతి కణానికీ చేరే మార్పు ఇది. అధిక సంఖ్యాకులలో కార్డోమా కుటుంబంలో ఒక్కరికే వస్తుంది. ప్రపంచం మొత్తం మీద కొద్ది కుటుంబాలలో మాత్రం ఒకటి కంటే ఎక్కువ తరాలలో కనిపించింది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పరిశోధకులు అటువంటి కుటుంబాలను సంవత్సరాల తరబడి పరిశీలించారు. వాటిలో నాలుగు కుటుంబాలలో టిబిఎక్స్‌టి జన్యువు ఉన్న భాగం అదనంగా మరొక ప్రతిగా ఉందని 2009లో ప్రకటించారు. పుస్తకంలో ఒక పుట రెండుసార్లు అచ్చయినట్లు, ఆ కుటుంబ సభ్యులకు ఆ జన్యువు ఒకటి ఎక్కువగా అందింది.

ఈ సంక్రమణ బహిర్గత పద్ధతిలో జరుగుతుంది. తల్లిదండ్రులలో ఒకరి నుంచి వచ్చిన ఒక్క మార్పే చాలు. ఆ మార్పు ఉన్న వ్యక్తి బిడ్డలలో ఒక్కొక్కరికి అది చేరే అవకాశం సగం. అయినా మార్పు పొందిన ప్రతివారికీ కణితి రాదు. పరిశీలనలో ఉన్న అన్ని కుటుంబాలలోనూ ఈ అదనపు ప్రతి దొరకలేదు కూడా. ఇవన్నీ కలిపి చూసినా, కార్డోమాలో నిజమైన వంశపారంపర్య భాగం చాలా చిన్నది.

4.2 ప్రవృత్తి భేదం:

2012లో బ్రిటన్ బృందం టిబిఎక్స్‌టి జన్యువులో ఒకే ఒక్క అక్షరపు భేదాన్ని గుర్తించింది. దానివల్ల ప్రోటీన్‌లో 177వ స్థానంలో గ్లైసీన్‌కు బదులు ఆస్పార్టిక్ ఆమ్లం చేరుతుంది. కార్డోమా రోగులలో అత్యధికులకు ఈ భేదం ఉంది. దీనితో వ్యాధికి ఉన్న సంబంధం సుమారు ఆరు రెట్ల బలంతో తేలింది. జన్యుశాస్త్రంలో ఒక సాధారణ భేదానికి ఇంత బలమైన సంబంధం దొరకడం అరుదు.

ఈ ఫలితాన్ని పొరపాటుగా చదివే ప్రమాదం ఎక్కువ. ఈ భేదం ఆరోగ్యవంతులలో కూడా విస్తారంగా ఉంది. అది తల్లిదండ్రుల నుంచి వచ్చేదే, కాబట్టి ‘వంశం నుంచి వచ్చింది’ అనడం అక్షరార్థంలో నిజం. కానీ దానిని మోస్తున్న వారిలో దాదాపు అందరూ కార్డోమా మాట వినకుండానే జీవితం గడుపుతారు. పది లక్షలకు ఒకటి అన్న స్థాయిలో ఉన్న అపాయం కొన్ని రెట్లు పెరిగినా పది లక్షలకు కొద్దిమందిని మించదు. రక్తపరీక్షలో ఈ భేదం కనిపించిందని ఒకరిని రోగిగా లెక్కించడానికి వీలులేదు. నేల సారం ఎలాంటిదో దీనివల్ల తెలుస్తుంది, అక్కడ విత్తనం పడిందో లేదో తెలియదు.

4.3 దేహకణ మార్పు:

పుట్టిన తరువాత శరీరంలోని ఏదో ఒక కణంలో జరిగి, ఆ కణం సంతతికే పరిమితమయ్యే మార్పును దేహకణ మార్పు అనవచ్చు. ఇది రక్తంలో ఉండదు. అండంలో, శుక్రకణంలో ఉండదు. బిడ్డలకు పోదు. కపాల పీఠ కణితులలో కనిపించే మార్పులలో అధికభాగం ఈ రకానివే.

2017లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో 104 మంది రోగుల కార్డోమా కణితుల జన్యు పదార్థాన్ని చదివారు. వీరంతా కుటుంబ చరిత్ర లేనివారు. వీరి కణితులలో 27 శాతం వరకు టిబిఎక్స్‌టికి అదనపు ప్రతులు కనిపించాయి. కణం పెరుగుదలను అదుపుచేసే పిఐ3కె అనే సంకేత మార్గంలో 16 శాతం కణితులలో మార్పులున్నాయి. ఎల్‌వైఎస్‌టి అనే జన్యువు 10 శాతం కణితులలో దెబ్బతిని ఉంది. కణ విభజనకు కళ్ళెం వేసే సిడికెఎన్2ఎ అనే జన్యువు కొన్ని కార్డోమాలలో పూర్తిగా పోయినట్లు కూడా తేలింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. టిబిఎక్స్‌టి అదనపు ప్రతి 4.1లో చెప్పిన కుటుంబాలలోనూ ఉంది, ఈ ఒంటరి రోగుల కణితులలోనూ ఉంది. జన్యువు ఒకటే, మార్పు రకం కూడా ఒకటే. మొదటిచోట అది పుట్టుకతో శరీరమంతటా ఉంది, రెండవచోట కణితిలో మాత్రమే ఉంది. మొదటి రోగి బిడ్డలకు పరీక్ష గురించి చెప్పవలసి ఉంటుంది. రెండవ రోగి బిడ్డలకు ఆ మార్పు వల్ల ఏ అపాయమూ సంక్రమించదు. ‘టిబిఎక్స్‌టి మార్పు ఉంది’ అన్న ఒక్క వాక్యం ఈ ఇద్దరిలో ఎవరి గురించో చెప్పదు. ఆ మార్పు ఎక్కడ దొరికింది, రక్తంలోనా, కణితిలోనా అన్నది చెప్పినప్పుడే ఆ వాక్యానికి అర్థం పూర్తవుతుంది.

కాండ్రోసార్కోమాలో ముఖ్యమైన దేహకణ మార్పులు ఐడిహెచ్1, ఐడిహెచ్2 అనే జన్యువులలో జరుగుతాయి. మృదులాస్థి కణితులలో ఇవి తరచుగా ఉన్నాయని 2011లో వెల్లడైంది. కపాల పీఠపు కాండ్రోసార్కోమాలలో కూడా గణనీయమైన భాగంలో ఇవి కనిపిస్తాయి. ఈ జన్యువులు కణం ఆహారాన్ని శక్తిగా మార్చుకునే క్రమంలో పనిచేసే ఎంజైములను తయారుచేస్తాయి. మార్పు చెందిన ఎంజైము తన పని వదిలి, 2-హైడ్రాక్సీగ్లూటరేట్ అనే అసాధారణ పదార్థాన్ని పోగుచేస్తుంది. అది కణంలోని జన్యువుల నియంత్రణను చెదరగొడుతుంది. కార్డోమాలో ఐడిహెచ్ మార్పులు సాధారణంగా ఉండవు. అందుచేత బ్రాకియురీ ఉంటే కార్డోమా, బ్రాకియురీ లేక ఐడిహెచ్ మార్పు ఉంటే కాండ్రోసార్కోమా అనే నిర్ధారణ సాధ్యమవుతుంది.

పిల్లలలో ఎక్కువగా కనిపించే ఒక తీవ్రరూప కార్డోమా కూడా ఉంది. దానిలో 22వ క్రోమోజోమ్ మీది ఎస్‌ఎంఎఆర్‌సిబి1 అనే జన్యువు పనిచేయదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన ఎముక కణితుల వర్గీకరణలో దీనిని ప్రత్యేక రూపంగా చేర్చారు.

4.4 మిశ్రకణ మార్పు:

పై రెండు స్థితులకు నడుమ మూడవ స్థితి ఒకటుంది. పిండం పెరుగుతున్న తొలిరోజులలో ఒక కణంలో మార్పు జరిగితే, ఆ కణం నుంచి వచ్చిన భాగాలలో ఆ మార్పు ఉంటుంది, మిగిలిన శరీరంలో ఉండదు. వేరువేరు రంగుల దారాలతో నేసిన చీరలో కొన్ని పోగులే ఒక రంగువైనట్లు, అటువంటి శరీరం రెండు రకాల కణాల కలయిక అవుతుంది. ఓలియే వ్యాధి, మఫూచి వ్యాధి అనేవి దీనికి ఉదాహరణలు. వీటిలో బాల్యం నుంచే అనేక ఎముకలలో మృదులాస్థి గడ్డలు ఏర్పడతాయి. మఫూచి వ్యాధిలో రక్తనాళాల గడ్డలు కూడా ఉంటాయి. ఈ రోగులకు కపాల పీఠపు కాండ్రోసార్కోమా వచ్చే అవకాశం ఇతరుల కంటే ఎక్కువ. వీటికి మూలం ఐడిహెచ్ జన్యువులలో జరిగిన మిశ్రకణ మార్పేనని 2011లో రెండు బృందాలు చూపాయి.

పుట్టుకతో వచ్చినది కాబట్టి ఇది తల్లిదండ్రుల నుంచే వచ్చి ఉంటుందని అనుకోవడం సహజం. కానీ ఇది తల్లిలోనూ లేదు, తండ్రిలోనూ లేదు. గర్భంలో బిడ్డ శరీరం రూపొందుతున్నప్పుడు ఒక కణంలో జరిగింది. పుట్టుకతో రావడం, వంశం నుంచి రావడం ఒకటే అన్న భావనకు ఇంతకంటే స్పష్టమైన సమాధానం లేదు.

5. మేనరికం ప్రశ్న:

తెలుగు కుటుంబాలలో అరుదైన వ్యాధి కనిపించగానే ‘మేనరికమా?’ అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు శాస్త్రీయమైన ఆధారం ఉంది. తెలుగు రాష్ట్రాలలో రక్తసంబంధ వివాహాలు దేశ సగటు కంటే చాలా ఎక్కువ. పిఠాపురంలో పుట్టి, జె.బి.ఎస్. హాల్డేన్ వద్ద శిష్యరికం చేసిన ద్రోణంరాజు కృష్ణ 1960 దశకంలో ఆంధ్రప్రదేశ్‌లోని రక్తసంబంధ వివాహాలను శాస్త్రీయంగా పరిశీలించాడు. మీరాఖాన్‌తో కలిసి ఆ వివాహాల సంఖ్యపైనా, ఫలితాలపైనా 1963లో వ్యాసం ప్రకటించాడు.

మేనరికం అపాయాన్ని పెంచేది అంతర్గత పద్ధతిలో సంక్రమించే వ్యాధుల విషయంలో. ఆ వ్యాధి రావాలంటే దెబ్బతిన్న జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులూ అందాలి. భార్యాభర్తలు ఒకే పూర్వీకుని వారసులైతే ఆ పూర్వీకునిలోని ఒకే జన్యువు ఇద్దరి ద్వారా బిడ్డకు చేరవచ్చు. ఆ అవకాశం మేనబావ, మేనమరదళ్ళ సంతానంలో పదహారింట ఒకటి. మేనమామ, మేనకోడళ్ళ సంతానంలో ఎనిమిదింట ఒకటి.

కపాల పీఠ కణితులకు ఈ లెక్క వర్తించదు. కుటుంబాలలో కనిపించే కార్డోమా బహిర్గత పద్ధతిలో, ఒక్క ప్రతితోనే సంక్రమిస్తుంది. దేహకణ మార్పులు, మిశ్రకణ మార్పులు అసలు సంక్రమించవు. కాబట్టి మేనరికం చేసుకున్న దంపతుల బిడ్డకు కార్డోమా వచ్చినా, ఆ పెళ్ళిని కారణంగా చూపడానికి ఇప్పటి జన్యుశాస్త్రంలో ఆధారం లేదు. ఇతర వ్యాధుల విషయంలో మేనరికం గురించి చెప్పే హెచ్చరిక దీనివల్ల బలహీనపడదు. ఆ హెచ్చరికను వర్తించని చోట వాడి తల్లిదండ్రులను దోషులను చేయకూడదన్నదే ఇక్కడి విషయం.

వంశవృక్షం ఒక్కటే చూసి నిర్ణయానికి రావడంలోని ఇబ్బందిని తెలిపే ఉదాహరణ ద్రోణంరాజు పరిశోధనలలోనే ఉంది. పురుషుల చెవులపై వెంట్రుకలు పెరిగే లక్షణం తండ్రి నుంచి కొడుకుకు వై క్రోమోజోమ్ ద్వారా వస్తుందని ఆయన 1960లో ఒక ఆంధ్ర కుటుంబ వంశవృక్షం ఆధారంగా ప్రతిపాదించాడు. ఆ ఉదాహరణ చాలాకాలం పాఠ్యగ్రంథాలలో నిలిచింది. దక్షిణ భారత పురుషుల డిఎన్‌ఎను పరిశీలించి 2004లో ప్రకటించిన అధ్యయనం వై క్రోమోజోమ్ సంబంధాన్ని సమర్థించలేదు. వంశవృక్షం మంచి ప్రశ్నను లేవనెత్తుతుంది. దానికి జవాబు జన్యు పదార్థంలో వెతకాలి.

6. నిజాంపేట నుంచి పరీక్షల దారి:

మెదక్ జిల్లా నిజాంపేట వంటి మండల కేంద్రంలో ఒకరికి వస్తువులు రెండుగా కనిపించడం మొదలైతే సహజంగా తొలుత కంటి వైద్యుని దగ్గరికే వెళతారు. కంటిలో దోషం లేదని తేలిన తరువాత మెదక్ మీదుగానో రామాయంపేట మీదుగానో హైదరాబాదు ప్రయాణం ఉంటుంది. ఎంఆర్‌ఐ, సిటి స్కానింగ్‌లలో క్లైవస్ వద్ద కణితి కనిపించాక ముక్కు ద్వారా దుర్భిణీ పంపి చేసే శస్త్రచికిత్సలో వీలైనంత భాగాన్ని తొలగిస్తారు. మెదడు కాండం పక్కనే ఉండడం వల్ల మిగిలిన భాగానికి ఎక్కువ మోతాదు కిరణ చికిత్స ఇవ్వడం కష్టం. ప్రోటాన్ కిరణాలు నిర్ణీత లోతులో ఆగిపోతాయి కనుక వెనుకనున్న అవయవాలకు హాని తగ్గుతుంది. దక్షిణాసియాలో తొలి ప్రోటాన్ చికిత్స కేంద్రం 2019లో చెన్నైలో ప్రారంభమైంది. బ్రాకియురీని నేరుగా అడ్డుకునే మందు ఇంకా సాధారణ వైద్యంలోకి రాలేదు. జన్యువును గుర్తించినంత త్వరగా దాని మీద పనిచేసే మందు దొరకడం లేదు. నేటికీ చికిత్స ప్రధానంగా శస్త్రచికిత్స, కిరణ చికిత్సలే.

జన్యు పరీక్షల విషయంలో రోగి కుటుంబం తెలుసుకోవలసినవి మూడున్నాయి.

(అ) ముక్క పరీక్ష: తొలగించిన కణితి ముక్కను మైనపు దిమ్మలో భద్రపరుస్తారు. బ్రాకియురీ, ఐడిహెచ్ వంటి పరీక్షలు దీనిమీదే జరుగుతాయి. ఇవి వ్యాధి పేరును నిర్ధారించేవి. వీటి ఫలితం నుంచి కుటుంబం గురించి ఏమీ తేల్చలేము. మరొక ఆసుపత్రికి వెళ్ళవలసి వస్తే ఈ దిమ్మ అవసరమవుతుంది కాబట్టి దానిని అడిగి తీసుకోవడం మంచిది.

(ఆ) రక్త పరీక్ష: శరీరమంతటా ఉన్న మార్పును తెలుసుకోవడానికి రక్తాన్ని పరీక్షిస్తారు. కుటుంబంలో మరొకరికి కూడా కార్డోమా వచ్చిన సందర్భంలో, పిల్లలలో కణితి ఇతర లక్షణాలతో కలిసి వచ్చినప్పుడు దీనికి ప్రాధాన్యం ఉంటుంది.

(ఇ) జన్యు సలహా: ఫలితాన్ని కుటుంబానికి వివరించే పని ఇది. హైదరాబాదులో దీనికి పాత పునాది ఉంది. ఓ.ఎస్. రెడ్డి కృషితో ఉస్మానియా విశ్వవిద్యాలయం కింద బేగంపేటలో జన్యు వ్యాధులకు ప్రత్యేక సంస్థ, ఆసుపత్రి ఏర్పడ్డాయి. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో నిమ్స్‌తో కలిపి డిఎన్‌ఎ ఫింగర్‌ప్రింటింగ్, డయాగ్నాస్టిక్స్ కేంద్రాన్ని విశిష్ట కేంద్రాలలో ఒకటిగా గుర్తించారు.

పరీక్ష పత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది. సలహా మాత్రం తెలుగులో చెప్పవలసి ఉంటుంది. ఆ క్షణంలో ఎంచుకున్న ఒక్క మాట మీద ఒక కుటుంబం రాబోయే సంవత్సరాలలో తనను తాను ఎలా చూసుకుంటుందన్నది ఆధారపడుతుంది.

7. పదజాలం – అవసరమైన భేదాలు:

తెలుగులో ‘జన్యువు’ అనే మాట జననంతో ముడిపడినది. ‘అనువంశికత’ అనే మాటలో వంశం నేరుగా ఉంది. పాఠ్యగ్రంథాలలో జన్యుశాస్త్రం మెండెల్ బఠానీల సంక్రమణతో మొదలవుతుంది. అందువల్ల చదువుకున్నవారిలో సైతం జన్యువు అనగానే తల్లిదండ్రులు, బిడ్డలు అనే క్రమమే మనసులోకి వస్తుంది. జన్యువు రోజూ ప్రతి కణంలో పనిచేస్తున్న సూచన పత్రం అన్న రెండవ భావన అంతగా నాటుకోలేదు. క్యాన్సర్లు దాదాపు అన్నీ ఈ రెండవ అర్థంలో జన్యు వ్యాధులు. మొదటి అర్థంలో వంశపారంపర్యమైనవి వాటిలో కొద్ది భాగమే.

ఈ కారణంగా కింది భేదాలను బోధనలోనూ, అనువాదంలోనూ, పత్రికా రచనలోనూ పాటించడం ఉపయోగకరం.

‘వంశానుగత మార్పు’ అనే మాటను తల్లిదండ్రుల నుంచి వచ్చి శరీరమంతటా ఉండే మార్పుకు మాత్రమే వాడాలి. కణితికే పరిమితమైనదానిని ‘దేహకణ మార్పు’ అనాలి. సామాన్య సంభాషణలో ‘కణితిలో వచ్చిన మార్పు’ అన్నా సరిపోతుంది. గర్భంలో జరిగి శరీరంలో కొంత భాగానికే చెందినదానికి ‘మిశ్రకణ మార్పు’ అనే మాట తగినది. అందరిలోనూ విస్తరించి ఉండి అపాయాన్ని కొంత పెంచేదానిని మార్పు అనకుండా ‘ప్రవృత్తి భేదం’ అనడం మేలు. మార్పు అనే మాటలో దోషం ధ్వనిస్తుంది, భేదం అనే మాటలో ఆ ధ్వని లేదు. వీటన్నిటికీ ఉమ్మడిగా ‘జన్యు మార్పు’ అని వాడవలసి వచ్చినప్పుడు అది రక్తంలోనిదా, కణితిలోనిదా అన్న విశేషణం వెంటనే చేర్చాలి.

8. ముగింపు:

• కపాల పీఠపు కార్డోమా పిండదశలోని పృష్ఠవంశ అవశేషాల నుంచి పుడుతుంది. బ్రాకియురీ అనే ప్రోటీన్ దాని గుర్తు. కాండ్రోసార్కోమాకు ఐడిహెచ్ జన్యువులలోని మార్పు ముఖ్యమైన గుర్తు. ఈ రెండింటినీ వేరుచేయడం చికిత్సకు కీలకం.

• ఈ కణితులతో ముడిపడిన జన్యు మార్పులు వంశానుగతం, ప్రవృత్తి భేదం, దేహకణ, మిశ్రకణ అని నాలుగు విధాలు. వాటిలో కుటుంబానికి నిజమైన అపాయాన్ని సూచించేది మొదటిది. అది చాలా అరుదు.

• ఒకే జన్యువులోని ఒకే రకం మార్పు ఒక రోగిలో వంశానుగతం కావచ్చు, మరొక రోగిలో కణితికే పరిమితం కావచ్చు. జన్యువు పేరుతో పాటు మార్పు దొరికిన చోటు కూడా చెప్పాలి.

• మేనరికాన్ని ఈ కణితులకు కారణంగా చూపడానికి ఆధారం లేదు.

• వైద్యులు, అనువాదకులు, అధ్యాపకులు ‘జన్యుపరమైన’, ‘వంశపారంపర్యమైన’ అనే మాటలను వేరువేరుగా వాడినప్పుడు రోగి తోబుట్టువులకూ, బిడ్డలకూ ఒక అకారణమైన నింద తప్పుతుంది. తెలుగు పరిభాషపై పనిచేసే పరిశోధకులు చేపట్టదగిన పని ఇది. ఇతర క్యాన్సర్ల విషయంలో ఇంతకంటే ఎక్కువ కుటుంబాలకు ఇదే స్పష్టత అవసరమవుతుంది.